సైకిలు ట్యూబు తేలికైతే వేగం పెరుగుతుందా?

పిల్లలూ!

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి తెనాలి నుంచి వచ్చింది. రాసినవాడు తొమ్మిదో తరగతి చదువుతున్న అబ్బాయి. ఉత్తరం పొడుగ్గానే ఉన్నది గాని, అందులో ముఖ్యమైన ముక్క ఇది:

"మామయ్యగారూ, పోయిన ఏడు మా నాన్నగారు నాకు ఒక పాత రేసు సైకిలు కొని ఇచ్చారు. ఇంకో రెండు నెలల్లో ఇరవై కిలోమీటర్ల పందెం ఉన్నది. నాతో కలిసి తొక్కే పెద్దవాళ్ళు, 'ట్యూబులు మార్చెయ్యరా, తేలిక ట్యూబులు వేస్తే బండి గాలిలో తేలిపోతుంది' అంటున్నారు. షాపులో అడిగితే మూడు రకాలు చూపించారు. ఒకటి మామూలు నల్లదే, కాని పల్చన. ఒకటి లేత గులాబీ రంగుది. మూడోది ప్లాస్టిక్కు సంచిలాగా ఉన్నది, మడిస్తే గుప్పిట్లో పట్టిపోయింది. నేను దాచుకున్న డబ్బంతా పెడితే ఆ మూడో రకం రెండు వస్తాయి. కాని నా వెనక టైరు అరిగిపోయింది. ట్యూబులు కొంటే టైరుకు మిగలదు. నాన్నగారిని మళ్ళీ అడగాలని లేదు. ఏది కొనను?"

ఉత్తరం రెండుసార్లు చదివాను. "నాన్నగారిని మళ్ళీ అడగాలని లేదు" అన్న మాట దగ్గర కాసేపు ఆగాను కూడా. ఈ నెల మీకు తుమ్మెద రెక్కల సంగతి చెబుదామనుకున్నాను. అది పై నెలకు ఆగుతుంది, పందెం ఆగదు గదా! అందుకని ముందు ఈ ట్యూబుల సంగతి చూద్దాం.

అసలు చక్రంలో ఈ ట్యూబు ఎందుకున్నది? ఒకప్పుడు సైకిలు చక్రాలకు ఇనప పట్టీ ఉండేది, ఆ తరువాత గట్టి రబ్బరు పట్టీ వచ్చింది. ఎక్కినవాడికి ఎముకలు కదిలిపోయేవి. గాలి నింపిన చక్రం కావాలని మొదట తోచింది స్కాట్లండు ఇంజనీరు రాబర్టు టాంసన్‌కు. ఆయన 1845లోనే పేటెంటు తీసుకున్నాడు. కాని అప్పటికి ఇప్పటిలాంటి సైకిళ్ళు లేవు, గుర్రపు బండ్ల వాళ్ళకు దాని అవసరం అంతగా కనిపించలేదు, జనం దాన్ని మరిచిపోయారు. నలభై ఏళ్ళు గడిచాక బెల్ఫాస్టు పట్టణంలో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల బండి కుదుపు తగ్గించడానికి మళ్ళీ అదే ఉపాయం పన్నాడు. 1888లో పేటెంటు పొందాడు. మరుసటి ఏడు అదే ఊళ్ళో విల్లీ హ్యూం అనే ఆయన ఆ టైర్లు వేసుకుని పందాలలోకి దిగి, దిగినవన్నీ గెలిచాడు. ఇక గట్టి రబ్బరు చక్రాల పని అయిపోయింది.

ఇక్కడ ఒక తిరకాసు ఉన్నది. డన్‌లప్ టైరులో కూడా లోపల రబ్బరు గొట్టం ఉండేది. కాని టైరును చక్రానికి జిగురుతో అంటించేవారు. ముల్లు గుచ్చుకుంటే టైరు ఊడదీయాలి, బాగుచేయాలి, మళ్ళీ అంటించాలి, ఆ జిగురు ఆరేదాకా కూర్చోవాలి. గంటలు పట్టేది. ఫ్రాన్సు దేశంలో మిషెలిన్ సోదరులు ఇది చూసి, చేత్తో ఊడదీసి మళ్ళీ వేసుకోగల టైరు తయారుచేశారు. 1891లో పారిస్ నుంచి బ్రెస్టు దాకా వెళ్ళి తిరిగి వచ్చే పందెం జరిగింది. అది సుమారు 1200 కిలోమీటర్ల పందెం! షార్ల్ టెరాన్ అనే ఆయన ఈ కొత్త టైర్లతో 72 గంటల లోపే పూర్తిచేసి మొదటివాడుగా వచ్చాడు. దారిలో పంక్చర్లు పడనందువల్ల కాదు సుమా, పడితే త్వరగా బాగుచేసుకోవడానికి వీలైనందువల్ల. విడిగా చేతికి వచ్చే ట్యూబు గొప్ప అదే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మనకు మళ్ళీ పని పడుతుంది.

ఇక తూకం దగ్గరికి వద్దాం. రేసు సైకిలు టైరు 25 మిల్లీమీటర్ల వెడల్పున ఉన్నదనుకోండి. అందులో వేసే మామూలు నల్ల ట్యూబు వంద గ్రాములో, అంతకు కొంచెం ఎక్కువో తూగుతుంది. పల్చని నల్ల ట్యూబు డెబ్బై గ్రాములుంటుంది. గులాబీ రంగుది లేటెక్సు, అంటే రబ్బరు చెట్టు పాలతో చేసినది, ఎనభై గ్రాముల దరిదాపున ఉంటుంది. మూడోది, మన అబ్బాయి గుప్పిట్లో పట్టినది, ముప్పై అయిదు గ్రాములే. అంతకన్నా తేలికవి కూడా ఉన్నాయి. అట్టపెట్టె మీద వేసిన అంకె నిజమో కాదో వంటింట్లో ఎలక్ట్రానిక్ తూకం ఉంటే మీరే చూసుకోవచ్చు. అయిదారు గ్రాములు అటూ ఇటూ ఉండడం మామూలే.

(అన్నట్టు, లోపల కొట్టిన గాలికీ బరువున్నది! ఇలాంటి టైరులో గాలి గట్టిగా నింపితే ఆ గాలి ఏడెనిమిది గ్రాములు తూగుతుంది. తేలిక కోసం గాలి తీసేద్దామా అని మాత్రం అడగకండి.)

మామూలువి తీసి మూడో రకం వేస్తే ఒక్కొక్క చక్రానికి డెబ్బై, రెంటికీ కలిపి 140 గ్రాములు తగ్గుతుంది. ఒక మామిడికాయంత బరువు. దీనివల్ల ఎంత వేగం పెరుగుతుంది?

"చక్రం అంచున ఉన్న బరువు మామూలు బరువుకు రెండింతలు" అని సైకిలు తొక్కేవాళ్ళు అంటూ ఉంటారు. ఇందులో నిజం ఉన్నది. సైకిలు మీద మీరు ముందుకు పోతున్నారు, అంతే. చక్రం అంచు అలా కాదు, అది ముందుకూ పోతున్నది, తన చుట్టూ తానూ తిరుగుతున్నది. రెండు పనులకూ శక్తి కావాలి. లెక్క వేస్తే రెండూ సమానం. అందుకని అంచున ఉన్న 140 గ్రాములను కదిలించడానికి, మీ జేబులో ఉన్న 280 గ్రాములను కదిలించినంత శక్తి దాదాపుగా ఖర్చవుతుంది.

కాని ఆ శక్తి ఎంత? ఆగి ఉన్న సైకిలును గంటకు 36 కిలోమీటర్ల వేగానికి తెచ్చారనుకోండి. ట్యూబులు తేలిక కావడం వల్ల మిగిలే శక్తి 14 జౌళ్ళు. నీళ్ళు నిండిన లీటరు సీసాను నేల మీద నుంచి మీ గడ్డం ఎత్తుకు ఒక్కసారి ఎత్తండి. అదీ 14 జౌళ్ళు! పెద్ద తరగతుల వాళ్ళు పుస్తకం తీసి లెక్క సరిచూడండి. పైగా ఒకసారి వేగం అందుకున్నాక, ఆ వేగంతో పోతూ ఉన్నంతసేపూ చక్రం తిరగడానికి ఈ బరువు తేడా ఏమీ అడ్డురాదు. మళ్ళీ ఆగి, మళ్ళీ పుంజుకున్నప్పుడే తేడా.

కొండ ఎక్కేటప్పుడు సంగతి వేరు. అక్కడ బరువు ప్రతి అడుగూ అడ్డుపడుతుంది, అయితే అంచున ఉన్నా జేబులో ఉన్నా ఒకటే లెక్క, రెండింతలు కాదు. మనిషీ సైకిలూ కలిసి అరవై కిలోలనుకుంటే, 140 గ్రాములు అందులో నాలుగు వందల వంతు కన్నా కూడా తక్కువ. గంటసేపు ఘాటు రోడ్డు ఎక్కితే ఎనిమిది సెకండ్లు కలిసివస్తుంది. ఎనిమిది సెకండ్లతో పందెం గెలిచినవాళ్ళు లేకపోలేదు. కాని మన అబ్బాయి ఉండేది తెనాలిలో. కృష్ణా డెల్టాలో ఎక్కడానికి కొండ ఏదీ? కాలవ వంతెన ఎక్కి దిగడమే పెద్ద ఘాటు!

అయితే పందాల వాళ్ళు ఇంత డబ్బు పోసి ఈ ట్యూబులు ఎందుకు కొంటున్నారు? వాళ్ళు మరీ తెలివితక్కువ వాళ్ళా? కాదు. బరువు కాకుండా ఇంకొక సంగతి ఉన్నది.

దీనికి ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. సైకిలు షాపులో పారేసిన పాత నల్ల ట్యూబు ముక్క అడిగి తెచ్చుకుని, వేలెడు వెడల్పున ఒక పట్టీ కత్తిరించండి. ఒక రబ్బరు బ్యాండు కూడా తీసుకోండి. రెంటినీ ఒక్కొక్కటిగా బల్ల మీద సాగదీసి వదలండి. మొహానికి దగ్గరగా మాత్రం పెట్టుకోకండి. రబ్బరు బ్యాండు టప్పున వెనక్కి వచ్చేస్తుంది. ట్యూబు పట్టీ బద్ధకంగా, నిద్రలేచినట్టు వస్తుంది. మీరు సాగదీసినప్పుడు ఇచ్చిన శక్తిని రబ్బరు బ్యాండు చాలామట్టుకు తిరిగి ఇచ్చింది. నల్ల ట్యూబు కొంత మింగేసి వేడిగా మార్చేసింది.

సైకిలు పోతున్నప్పుడు టైరులో జరిగేదీ ఇదే. నేలకు ఆనిన చోట టైరూ దాని లోపల ట్యూబూ నొక్కుకుంటాయి, పైకి పోగానే మళ్ళీ గుండ్రంగా అవుతాయి. చక్రం ఒక్కసారి తిరిగితే రెండు మీటర్లకు కొంచెం ఎక్కువ దూరం పోతుంది. ఇరవై కిలోమీటర్ల పందెంలో సుమారు 9,500 సార్లు తిరగాలి. ట్యూబులోని ప్రతి చోటూ అన్నిసార్లు నలుగుతుంది, ప్రతిసారీ కొంచెం మింగుతుంది. ట్యూబు పల్చనైతే మింగేది తగ్గుతుంది. ట్యూబు చేసిన రబ్బరు చురుకైనదైతే ఇంకా తగ్గుతుంది. చక్రాన్ని పెద్ద పీపా మీద తిప్పి కొలిచిన వాళ్ళు చెప్పేదేమంటే, మంచి టైరులో నల్ల ట్యూబుకు బదులు లేటెక్సు ట్యూబు వేస్తే ఒక్కొక్క చక్రానికి ఒకటి రెండు వాట్లు మిగులుతుంది. చదును రోడ్డు మీద ఆ 140 గ్రాములు తగ్గించినందువల్ల మిగిలేదో, వాటులో పదో వంతు కూడా కాదు!

కాబట్టి తూకం చూసి ట్యూబు కొనడం, బరువు చూసి పుస్తకం కొన్నట్టే. నలిగేటప్పుడు ఎంత మింగుతున్నదో చూడాలి.

మరి లేటెక్సే కొనేస్తే పోలేదా? ఆగండి. పుట్టినరోజుకు ఊదిన బుడగ మర్నాటికి ఏమవుతుంది? మూతి గట్టిగానే కట్టి ఉంటుంది, ఎక్కడా చిల్లు ఉండదు, అయినా వడలిపోయి మూలన పడి ఉంటుంది. బుడగ కూడా రబ్బరు చెట్టు పాలతో చేసినదే. ఆ రబ్బరు గుండా గాలి మెల్లగా జారిపోతుంది. లేటెక్సు ట్యూబు కూడా అంతే. సాయంత్రం గట్టిగా గాలి కొడితే తెల్లవారేసరికి పది పదిహేను పౌండ్లు దిగిపోతుంది. రోజూ పొద్దున్నే పంపు పట్టుకోవలసిందే.

ఈ చిక్కు తీర్చినది నల్ల ట్యూబు. అది బ్యూటైల్ అనే కృత్రిమ రబ్బరు. 1937లో అమెరికాలో స్పార్క్సు, థామస్ అనే రసాయన శాస్త్రజ్ఞులు దీన్ని కనిపెట్టారు. చెట్టు రబ్బరుతో పోలిస్తే దీని గుండా పోయే గాలి పదో వంతు కూడా ఉండదు. దీని అణువులు ఒకదానినొకటి అంటిపెట్టుకుని ఇరుకుగా సర్దుకుంటాయి, మెల్లగా కదులుతాయి. గాలి దూరడానికి సందు దొరకదు. సాగదీస్తే బద్ధకంగా రావడానికీ కారణం అదే! చూశారా, గాలిని పట్టి ఉంచే గుణమూ, శక్తిని మింగే గుణమూ ఒకే వేరు నుంచి వచ్చాయి. ఒకటి కావాలంటే రెండోది భరించాలి.

మూడోది, ప్లాస్టిక్కు సంచిలాంటిది, థెర్మోప్లాస్టిక్ పాలీయురెథేన్. పేరు చూసి భయపడకండి. సెల్‌ఫోనుకు వేసే మెత్తని తొడుగు చాలామట్టుకు ఈ జాతిదే. దీనితో చాలా పల్చని ట్యూబు చెయ్యవచ్చు. గాలిని బాగానే పట్టి ఉంచుతుంది, శక్తిని మింగడంలో నల్లదానికన్నా నయం, లేటెక్సుకు కొంచెం వెనక. మడిచి జేబులో వేసుకోవచ్చు. దూరం పోయేవాళ్ళు దారిలో అవసరానికి ఒకటి దగ్గర ఉంచుకోవడానికి దీన్ని మించినది లేదు. నా సంచిలోనూ ఒకటి ఉన్నది.

కాని దీనికి కొన్ని పట్టింపులున్నాయి. మన ఊళ్ళో పంక్చరు వేసే ఆయన ఏం చేస్తాడో మీకందరికీ తెలుసు. ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి ఉబ్బించి, నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడ వస్తాయో చూస్తాడు. అక్కడ గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను రాసి, ముక్క అంటిస్తాడు. నల్ల ట్యూబుకు ఇది భేషైన వైద్యం. ఈ ప్లాస్టిక్కు ట్యూబును టైరు బయట అలా ఉబ్బిస్తే సాగిపోతుంది, సాగినది మళ్ళీ లోపలికి ముడుచుకోదు. ట్యూబు పాడైపోయినట్టే. ఆ సొల్యూషనూ ముక్కా కూడా దీనికి అంటవు, దీని ముక్కలు వేరే కొనాలి. తప్పు ఆయనది కాదు, ఆయన చేతికి ఇలాంటిది ఎన్నడైనా వస్తే గదా! లేటెక్సుకు మాత్రం పాత లేటెక్సు ట్యూబు ముక్కే కత్తిరించి అంటించవచ్చు.

ఇంకొకటి, వేడి. పాత సైకిళ్ళకు బ్రేకు కట్టలు రిమ్మునే పట్టుకుంటాయి. ఘాటు రోడ్డు దిగేటప్పుడు బ్రేకు పట్టి పట్టి దిగితే రిమ్ము చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. ఆ వేడికి లేటెక్సూ, ఈ ప్లాస్టిక్కూ రెండూ దెబ్బతినే ప్రమాదం ఉన్నది. మరీ తేలిక రకాల పెట్టెల మీద డిస్కు బ్రేకు సైకిళ్ళకు మాత్రమే అని అచ్చు వేసి ఉంటారు. ఆ అక్షరాలు చిన్నవిగా ఉంటాయి, మీరు మాత్రం వెతికి చదవండి. దిగుడులో ముందు చక్రం ట్యూబు పేలడమంటే ఆటకాదు. కొండ ప్రాంతాల పిల్లల తల్లిదండ్రులు ఈ మాట ప్రత్యేకంగా గమనించాలి.

తేలిక ట్యూబు వెయ్యడంలో కూడా నేర్పు కావాలి. ఈ సంగతి నాకు ఎలా తెలిసిందో చెబుతాను, నవ్వకండి.

కాలేజీలో చదివే రోజుల్లో నేనూ పందాలకు పోయేవాణ్ణి. ఒకసారి పల్చని నల్ల ట్యూబులు రెండు కొని, పాతవి ఉత్సాహంగా ఒక స్నేహితుడికి ఇచ్చేశాను. పందెం ముందు రోజు రాత్రి కొత్తవి వేస్తున్నాను. టైరు అంచు చివర జానెడు మేర రిమ్ములోకి దిగడం లేదు. తొందర. వంటింట్లో నుంచి గరిటె తెచ్చి దాని కాడతో నెట్టాను. దిగింది. గట్టిగా గాలి కొట్టి, సైకిలు వసారాలో పెట్టి పడుకున్నాను. రాత్రి రెండు గంటలకు ఢామ్మని చప్పుడు! మా నాయనమ్మ అరుగు మీద నుంచి లేచి, "ఒరే, గ్యాసు బండ పేలిందిరోయ్" అని వీధి వీధినంతా లేపింది. లాంతర్లూ టార్చిలైట్లూ పట్టుకుని ఇరుగుపొరుగులంతా వచ్చారు. చూస్తే నా వెనక చక్రం చప్పబడి ఉన్నది. టైరు అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు చిన్న మడత ఇరుక్కుని, గాలి ఒత్తిడికి అంచును మెల్లమెల్లగా పైకి నెట్టి, అర్ధరాత్రి బయటికి పొడుచుకువచ్చి పేలింది. జానెడు చీలిక, ఏ ముక్కకూ లొంగదు. ఇంకొక ట్యూబు లేదు, ఆ వేళకు దుకాణం లేదు. పొద్దున్న పందెం దగ్గరికి వెళ్ళాను, రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టడానికి. గరిటె వంకర పోయినందుకు మా అమ్మ పెట్టిన చీవాట్లు వేరే.

కాబట్టి ఎలా వెయ్యాలో చెబుతాను. ముందు రిమ్ము లోపల ఊచల రంధ్రాలను కప్పే పట్టీ సరిగ్గా ఉన్నదో లేదో చూడండి. అది పక్కకు జరిగి ఉంటే పల్చని ట్యూబు ఆ రంధ్రంలోకి ఉబ్బి చిరుగుతుంది. టైరు లోపల వేళ్ళతో మెల్లగా తడమండి, పాత ముల్లు మొన ఏదైనా మిగిలి ఉండవచ్చు. ట్యూబుకు మొహానికి రాసుకునే పౌడరు కొంచెం రాయండి. అమ్మను అడిగి తీసుకోండి. ఒక్క ఊపు గాలి కొట్టి, అది ఒక ఆకారానికి రాగానే లోపల సర్దండి. టైరు అంచును వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి, రెండు పక్కల నుంచీ బొటనవేళ్ళతో నెట్టుకుంటూ వాల్వు దగ్గర ముగించండి. చివర బిగుతుగా ఉంటే గరిటె తేవద్దు! అవతలి వైపు అంచును రిమ్ము నడుమ ఉన్న పల్లంలోకి నొక్కండి, ఇవతల వదులవుతుంది. తరువాత చక్రం చుట్టూ టైరును పక్కకు నొక్కుతూ, ట్యూబు ఎక్కడా కనిపించడం లేదని రెండు వైపులా చూసుకోవాలి. సగం గాలి కొట్టి మళ్ళీ చూసి, అప్పుడు మిగిలినది కొట్టండి. ఒక రాత్రి కాదు, పందేనికి వారం ముందే వేసి నాలుగు రోజులు తొక్కి చూసుకోవడం మేలు.

కొనేటప్పుడు కొలత కూడా చూసుకోవాలి. 25 మిల్లీమీటర్ల టైరుకు, ఆ అంకె చేరిన కొలత ఉన్న ట్యూబే కొనండి. సన్న టైరు ట్యూబు తేలిక గదా అని లావు టైరులో వేస్తే, అది సాగి ఇంకా పల్చబడి చిన్న రాయికే లోబడుతుంది. వాల్వు పొడుగు మీ రిమ్ము లోతుకు సరిపోవాలి. రేసు సైకిలు వాల్వు సన్నగా, తల మీద మర ఉంటుంది, ప్రెస్టా అంటారు. మన మామూలు సైకిళ్ళకు వాల్‌ట్యూబు తొడిగే వాల్వు వేరు. షాపులో పంపు దానికి పట్టదు, చిన్న ఇత్తడి బిరడా ఒకటి దొరుకుతుంది, అది వేసుకుంటే పడుతుంది. దాని ఖరీదు కొద్దిదే, సంచిలో పారేసి ఉంచండి. ట్యూబే అక్కరలేని టైర్లు కూడా ఉన్నాయి. వాటికి తగిన రిమ్ములు వేరే కావాలి, పాత సైకిలుకు ఆ గొడవ వద్దు.

ఇప్పుడు తెనాలి అబ్బాయి సంగతి.

బాబూ, నీ ఉత్తరంలో అసలు మాట ట్యూబు కాదు, "వెనక టైరు అరిగిపోయింది" అన్నది. మీ వైపు గట్ల మీద తుమ్మ ముళ్ళూ, పల్లేరుకాయలూ ఎన్ని ఉంటాయో నీకు తెలియనిది కాదు. అరిగిన టైరుకూ పల్లేరు ముల్లుకూ మధ్య అడ్డం ఏమీ లేదు. అందులో ముప్పై అయిదు గ్రాముల ట్యూబు వేస్తే ముల్లుకు పని ఇంకా సులువు. ఆ ట్యూబు నెత్తిన పెట్టుకుని పంక్చరు షాపుకు పోయినా వాళ్ళేమీ చెయ్యలేరు.

వేగం మాటకొస్తే, టైరులో దొరికేది ట్యూబులో దొరకదు. దళసరి, బిరుసు టైరు తీసి మంచి మెత్తని పందాల టైరు వేస్తే ఒక్కొక్క చక్రానికి అయిదు నుంచి పది వాట్లు మిగులుతుంది. నీ ఇరవై కిలోమీటర్లలో అది అర నిమిషానికి పైమాట. కాబట్టి ముందు వెనక టైరు కొను. మిగిలిన డబ్బుతో పల్చని నల్ల ట్యూబు ఒకటి కొని అందులో వెయ్యి. మామూలు దానికీ దీనికీ ధరలో తేడా కొంచెమే ఉంటుంది. పంక్చరు పడితే మీ వీధి చివర బాగుచేస్తారు, గాలి నాలుగు రోజులు ఉంటుంది. తీసిన ట్యూబు పారెయ్యకు, ఎవరికీ ఇవ్వకు. పందెం రోజున జీను కింద కట్టుకో. ముందు చక్రానికి ఉన్న ట్యూబు బాగానే ఉంటే దాని జోలికి పోకు.

గాలి సంగతి ఒకటి మిగిలింది. టైరు పక్కన వేసిన పెద్ద అంకె దాకా కొట్టాలని చాలామంది అనుకుంటారు. అది దాటకూడని హద్దు, కొట్టవలసిన కొలత కాదు. నీ వయసువాడికి, 25 టైరుకు, డెబ్బైకీ ఎనభైకీ మధ్య చాలు. మరీ గట్టిగా కొడితే గతుకుల రోడ్డు మీద చక్రం ఎగిరెగిరి పడి, నీ శక్తిని నీ ఒళ్ళే మింగుతుంది. మరీ తక్కువైతే గుంటలో పడ్డప్పుడు రిమ్ము ట్యూబును నొక్కి, పాము కాటులాగా పక్కపక్కన రెండు చిల్లులు పెడుతుంది. చిల్లులు జంటగా కనిపిస్తే ముల్లు కోసం వెతకకు, గాలి తక్కువైందని తెలుసుకో.

గులాబీ ట్యూబు మీద నీకు మనసు పోతే తప్పేమీ లేదు, నాకూ పోయింది. వచ్చే ఏడు పెద్ద పందాలకు వెళ్ళినప్పుడు, రోజూ పొద్దున్నే గాలి కొట్టే ఓపిక ఉంటే కొనుక్కో.

ఈ పేజీ మీ నాన్నగారికి కూడా చూపించు. అరిగిన టైరు సంగతి ఆయనకు తెలియదేమో. నీవు అడగకపోయినా ఆయన తెలుసుకోవలసినదే అది, డబ్బు కోసం కాదు, నీవు రోజూ బడికి పోయేది ఆ చక్రం మీదనే గనక.

పందెంలో ఎన్నోవాడుగా వచ్చావో నాకు రాయి. పంక్చరు పడితే అది కూడా రాయి. ముల్లు దొరికితే కాగితంలో చుట్టి కవరులో పెట్టి పంపు, ఏ చెట్టుదో చూద్దాం.

మీ మామయ్య